అప్పూ తప్పూ

"మన జర్మన్‌లో అప్పుకూ తప్పుకూ ఒకటే మాట. అందుకే ప్రభుత్వం తన రాబడిలోనే సర్దుకోవాలని రాజ్యాంగంలో రాసుకున్నాం," అన్నాడు ఓర్ట్‌విన్ మాస్టారు, కారుతున్న తరగతి గది కప్పు కిందికి బకెట్టు జరుపుతూ.

"అప్పు చేసైనా ఈ కప్పు బాగుచేయించొచ్చుగా సార్?" అంది స్వెన్యా.

"డబ్బు కూడేదాకా ఆగాలమ్మా. మోకాళ్ళు పట్టేసి, మేడమెట్ల వెంబడి కూర్చోబెట్టి పైకి తీసుకెళ్ళే లిఫ్టు కుర్చీ పెట్టించమంది మా ఆవిడ. అప్పు చేశానా? నాలుగేళ్ళు కూడబెట్టాను."

"ఆవిడ ఎంత సంతోషించారో!"

మాస్టారు బకెట్టును ఇంకాస్త పక్కకు జరిపాడు.

"కుర్చీ వచ్చేసరికి ఆవిడ పోయి వారమైంది. ఇప్పుడు దాంట్లో నేనే షికారు చేస్తున్నాను, ఒక్క యూరో అప్పు లేకుండా," అని నవ్వబోయాడు. పిల్లలెవరూ నవ్వలేదు.

"సరే, అప్పు చేయకూడదన్న ఈ నియమం మార్చాలనేవాళ్ళు చేతులెత్తండి."

ఎలా ఎత్తాలో చూపడానికి లేచిన ఆయన చెయ్యి మళ్ళీ కిందికి దిగలేదు.