రిపోర్టులో ఒక క్రియ

“స్టోల్ అని రాయి. దొంగతనమేగా, ఇంత ఆలోచించడానికి ఏముంది అందులో?” అన్నాడు చందన్.

మంజుశ్రీ వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. వల్లూరు సోలార్ పార్కులోని ఈ ఆఫీసులో ఆమె చేరింది ఈమధ్యే. పావగడ నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఇంగ్లీషులో రిపోర్టులు రాయడం ఆమె పని. వాటి కింద సంతకం పెట్టడం సెక్యూరిటీ సూపర్‌వైజర్ చందన్ పని.

ఎదురుగా మానిటర్ మీద కెమెరా తీసిన బొమ్మ. ప్యానెళ్ల వరసల మధ్య గోతం సంచితో వంగి ఉన్న ముసలామె ఎల్లక్క. గేటు దగ్గర గార్డు మారన్న. ఆమె లోపలున్నంతసేపూ అతను రోడ్డు వైపే తిరిగి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

“కాపలా కాసేవాడు ఇటు చూడకపోవడమేంటి? ఇద్దరూ కుమ్మక్కే. పక్క బ్లాకులో రాగి వైరు పోయింది కూడా. ముసలిదాన్ని స్టేషన్‌కు పంపుదాం, వీణ్ణి పనిలోంచి తీసేద్దాం. సాయంత్రం లోపల రిపోర్టు పోవాలి.”

మంజుశ్రీకీ మారన్న మీద అనుమానమే. మంగళవాడలో అత్తగారింట్లో ఉంటూ రోజూ బండి మీద వస్తాడు. దగ్గర్లో ఉన్న బ్లాకుకు మారుస్తామన్నా వద్దని మొండికేస్తాడు. ఈ బ్లాకే కావాలట. ఎందుకో చెప్పడు. అయినా సంచి విప్పకుండానే దొంగ అని రాయడానికి ఆమెకు చేతులు రాలేదు. లేచి గేటు దగ్గరికి నడిచింది.

ఎల్లక్క గార్డు రూము నీడలో కూర్చుని ఉంది. సంచి బోర్లిస్తే మట్టి అంటిన వేరుశనగ కాయలు రాలాయి. వైరు ముక్క ఒక్కటి లేదు.

“ఏంటి మారన్నా ఇది?”

“పరిగె మేడమ్. కోతైనాక చేలో మిగిలినేవి లేనోళ్ళు ఏరుకుంటారు. ఎల్లక్కకు సెంటు భూమి లేదు. భూమి ఉండేవాళ్ళకు కంపెనీ కౌలు ఇస్తాది. ఆ చేలల్లో కూలి చేసి బతికినోళ్ళకు ఎవరిస్తారు?”

“సరే, ఇక్కడ కోతెక్కడిది?”

మారన్న రోడ్డు వైపు తిరిగాడు. ఆమె లోపలికి వెళ్ళి చూసింది. ప్యానెళ్లు కడిగిన నీళ్లు కారే అంచు వెంట, పెరికేసిన వేరుశనగ చెట్లు వాడి పడి ఉన్నాయి. పెరకనివి ఇంకా కొన్ని పచ్చగా నిలబడ్డాయి, సాలు తప్పకుండా. తమంతట తాము మొలిచినవి ఇంత తిన్నగా రావు. ఎవరో పనిగట్టుకుని విత్తారు.

“ఎవరు విత్తినారు?” అని వచ్చి నిలదీసింది.

“అదొద్దు మేడమ్. నేను నిద్రపోయినానని రాయండి. నా పని పోతే పోనీ. ఎల్లక్క మీద మాత్రం దొంగతనం రాయొద్దండి. పరిగెకు ఇంగ్లీషులో మాట ఉండదా?”

చేయని తప్పు ఒప్పుకునేవాణ్ణి ఎవరు నమ్ముతారు? ఇందులో ఇతనికి వాటా ఎంతో అనుకుంది మంజుశ్రీ. పరీక్షిద్దామని గుప్పెడు కాయలు తీసి అతని ముందు పట్టింది. మారన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“నేను తినగూడదు మేడమ్.”

“ఏం, ఎందుకని?”

“తినగూడదంతే.”

ఆమె విసురుగా ఆఫీసుకు తిరిగొచ్చింది. కానీ మాట కోసం వెతక్కుండా ఉండలేకపోయింది.

“గ్లీన్ అని ఉంది సార్,” అంది.

“గ్రీనా?”

“గ్లీన్. క్రియ. కోత తర్వాత చేలో మిగిలింది ఏరుకోవడం. జరిగిపోయింది కాబట్టి గ్లీన్డ్ అనాలి. ఏం ఏరుకుందో వెంటనే చెప్పి, ఎక్కడ నుంచో ఫ్రమ్ పెట్టి చెప్పాలి. షి గ్లీన్డ్ గ్రౌండ్‌నట్స్ ఫ్రమ్ ద ఫీల్డ్.”

“నేనెప్పుడూ వినలేదే.”

“పేపర్లలో వస్తుంది సార్. అక్కడా ఇక్కడా సమాచారం ఏరుకోవడానికి ఎక్కువ వాడతారు. పుట్టింది మాత్రం పొలంలోనే.”

చందన్ ఫోనులో తనే వెతికి చూసుకున్నాడు. తర్వాత ఆమె వైపు, నువ్వూ వాళ్ళ మనిషివేనా అన్నట్టు చూశాడు.

“ఒకడు వదిలిపెడితే కదా ఇంకొకరు ఏరుకునేది? ఈ నేల కంపెనీ కౌలుకు తీసుకుంది. యజమాని ఇప్పటికీ రైతే. ఆ రైతే ఇష్టపడి వదిలిపెట్టాడని పేరుతో సహా కనుక్కో, నీ మాటే పెడదాం. లేదంటే స్టోల్. నీ బస్సు వేళకు తేలిపోవాలి.”

మంజుశ్రీ మళ్ళీ వచ్చేసరికి ఎల్లక్క కాయలు సంచిలోకి ఎత్తుకుంటోంది.

“అవ్వా, ఈ చేను ఎవరిది?”

“పేరు చెప్పగూడదమ్మా. ఇచ్చినోడే ఇచ్చినానని చెప్పుకోలేదు. నేనెట్ల చెప్పేది?”

“నువ్వు ఏరుకుంటుంటే ఆ రైతు చూడడా?”

“చూడడమ్మా. చూస్తే ఏరేవాళ్ళకు సిగ్గు కదా? మొకం పక్కకు తిప్పుకుంటాడు. ఇడిచిపెట్టిన సాలులో ఒక్క గింజ కూడా నోట్లో ఏసుకోడు. మా పక్క ముందునుంచీ అంతే.”

మంజుశ్రీకి ఓపిక నశించింది. “పేరు చెప్పకపోతే నిన్ను స్టేషన్‌కు తీసుకుపోతారవ్వా. రేపటి నుంచి మారన్నకూ పని ఉండదు.”

ఎల్లక్క చేతిలో కాయలు జారిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“మారన్నదేనమ్మా ఈ చేను.”