ఆఖరి ‘కు’

"ఏం బావా, నువ్వు పాలోనివా, పగోనివా?" చిలుకమ్మ సబ్‌స్టేషన్ గదిలోకి దూసుకొచ్చింది. "పొలం గట్టు తగాద మనసుల పెట్టుకొని నా మొగుణ్ణి సంపుతవా?"

పొద్దున ఆమె భర్త, లైన్‌మన్ సిద్దిరాములు తొర్రూరు తొవ్వలో స్తంభం మీద ఉండగా ప్లయర్ జారిపడింది. దానికోసం కిందికి దిగాడు. అంతలోనే తీగల్లోకి కరెంటు వచ్చింది.

"వైర్‌లెస్‌ల లైను ఇయ్యమన్నడు, కరెంటు ఇచ్చిన," అన్నాడు ఆపరేటర్ మొండయ్య.

"నేను ‘ఇయ్యకు’ అనే అన్న!" గుమ్మంలోంచి సిద్దిరాములు అరిచాడు. "అబద్ధమాడితే పురుగులు పడి పోతవ్!"

"గేటు కాడికి పోయి గట్లనే చెప్పు. నీ పెండ్లామే ఇంటది." మొండయ్య తన వైర్‌లెస్ సెట్టు చిలుకమ్మ చేతిలో పెట్టి తలుపు మూశాడు.

ఆమె కిటికీ అద్దంలోంచి చూసింది. గేటు దగ్గర సిద్దిరాములు తన సెట్టు బటన్ నొక్కి, విసురుగా అంటూనే వదిలేశాడు. ఇంట్లోనూ అంతే, మాట పూర్తికాకముందే లేచిపోతాడు.

చేతిలోని సెట్టు గరగరమంది. "లైను ఇయ్య..."

ఆఖరి ‘కు’ రాలేదు. ఇయ్యమన్నట్టే వినిపించింది.

చిలుకమ్మ మొండయ్య వైపు తిరిగింది.

"మాట తెగితె మళ్ల అడుగద్దా?"

"ఆనితోని నాకు మాటలేంది?" అన్నాడు. అని తల దించుకున్నాడు.

గేటు దగ్గర సిద్దిరాములు మళ్లీ నొక్కాడు. "ఏం ఇనొచ్చిందే?"

చిలుకమ్మ బటన్ గట్టిగా నొక్కింది.

"నిన్ను సంపుమని నువ్వే చెప్పినవ్. గీయన ఎదురడుగలే."

మాట ముగిసినా ఆమె బటన్ మీద నుంచి వేలు తీయలేదు.