తాడుకు అవతలి కొస

"ఈ ఆదివారం నీకు బల్ల లేదురా," అన్నాడు బావ, నడుముకు తాడు బిగించుకుంటూ.

"ఇప్పుడు కూర్చున్నది బల్లమీదే గదా బావా," అన్నాడు బామ్మర్ది, పడవ బల్లమీద కాళ్లు బారజాపుకుని.

"వెటకారాలొద్దు. నేనంటున్నది చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. సాయంత్రం పాస్టరుగారికి చెప్పేస్తున్నా. సంఘపెద్దగా నా మాటంటే మాటే."

బావ రేవులో గజఈతగాడు. గజఈతగాడంటే ఏనుగులా ఈదేవాడని అర్థం కాదు గానీ, ఆయన దూకినప్పుడు లేచే నీళ్లు చూస్తే ఎవరికైనా ఆ అనుమానం రాకమానదు. ఓడల అడుగున పంకాలకు చుట్టుకున్న వలలు కోసి తీయడం ఆయన పని. పైన తాడు పట్టుకుని కూర్చోవడం బామ్మర్ది పని. నీళ్లలో మాటలుండవు, తాడే నోరు. ఒక్కసారి గుంజితే 'బాగున్నావా?' అని. రెండుసార్లు గుంజితే 'కదలకు' అని. ఆగకుండా గుంజితే 'వచ్చెయ్' అని.

"నేనేం చేశాను బావా?"

"ఏమీ చెయ్యవనే గదా ఏడుపు! ప్రార్థనకు రమ్మంటే రావు. తాగొద్దంటే తాగుతావు. నీ పేరెత్తి మీ అక్క కళ్లు తుడుచుకోని రోజు లేదు. లోబడనివాడికి రక్షణ ఎక్కణ్ణుంచి వస్తుందిరా?"

"కృప ఉంది గదా."

"కృప ఊరికే రాదు!"

"ఊరికే రాకపోతే దాన్ని కృప అనరు బావా, కూలి అంటారు."

నీళ్లలో దిగకముందే బావకు చెవిలో నీళ్లు పోయినట్టయింది.

"ఇన్నేళ్లుగా దిగుతున్నాను. ఒక్కనాడైనా తాడు మాట జవదాటానా? అందుకే బతికున్నా. తాడూ బొంగరం లేని వెధవ్వి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు. అని, ఆ తాడూ బొంగరం లేనివాడి చేతికే తన తాడిచ్చి దూకాడు.

పైన మిట్టమధ్యాహ్నం, కింద అమావాస్య. టార్చిలైటు వెలుగు మూరెడు దూరం పోయి, జడుసుకుని ఆగిపోతోంది. బావ తడుముకుంటూ పంకా చేరి వల కోయడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఏదో పెద్ద ఓడ రేవు దాటినట్టుంది, నీళ్లన్నీ ఒక్క ఊపు ఊగాయి. ఆ ఊపుకు పంకా రెక్కల మధ్య పడ్డాడు. కుడికాలికి వల చుట్టుకుంది. విదిలించాడు. ఎడమకాలు కూడా నేనూ వస్తానంటూ వెళ్లి ఇరుక్కుంది.

నడుము దగ్గర తాడు రెండుసార్లు గుంజింది. కదలకు.

'కదలకపోతే చస్తాను. పైన కూర్చున్నవాడివి, నీకేం తెలుసురా!' అనుకుని గట్టిగా తన్నాడు. వల బిగిసింది. కత్తి జారి చీకట్లో పడిపోయింది.

తాడు మళ్లీ రెండుసార్లు గుంజింది. ఆ గుంజడంలో కోపం లేదు, కంగారు లేదు. నిద్రలో ఉలిక్కిపడ్డ బిడ్డను జోకొడుతున్నట్టుంది. బామ్మర్ది గుంజితే నడుము పట్టేయాలి. ఈ మెత్తదనం వాడి చేతికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అయినా వినలేదు. మళ్లీ తన్నాడు. వల మెడదాకా వచ్చింది. వీపున సిలిండరులో గాలి పలచబడుతోంది. ఏనాడూ తాడు మాట దాటనివాడు, దాటకూడని చోటే దాటాడు. ఇక తన్నడానికి కాళ్లు లేవు, కోయడానికి కత్తి లేదు, చెప్పుకోవడానికి గొప్ప కూడా లేదు. చేతులు వదిలేశాడు.

అప్పుడు మొదలైంది లాగడం. వచ్చెయ్. వచ్చెయ్. వచ్చెయ్.

వల ఒక్కో కన్నూ మూసుకుని దారి ఇచ్చింది. బావ ఏమీ చెయ్యకుండానే పైకి పోతున్నాడు. 'నేను మాట వినకపోయినా వీడు నన్ను వదల్లేదు. వీణ్ణి బల్లకు దూరం చెయ్యడానికి నేనెవణ్ణి?' అనుకున్నాడు.

తల పైకి తేలగానే పడవ అంచు పట్టుకున్నాడు. బామ్మర్ది నిలువునా తడిసి ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. బావను దెయ్యాన్ని చూసినట్టు చూసి, తేరుకుని, రెక్కలు పట్టి పడవలోకి ఈడ్చాడు.

"ఆదివారం నా పక్కన కూర్చోరా," అన్నాడు బావ రొప్పుతూ. "నేను వద్దన్నవాడివి, నువ్వే లాగావు."

"నేనెక్కడ లాగాను బావా?"

"అదేంట్రా?"

"ఇందాక పెద్ద ఓడ పోయి నీళ్లు ఊగలా? అప్పుడే తాడు తెగింది. లాగి చూస్తే ఇదొచ్చింది." పక్కన కుప్పగా పడి ఉన్న తాడు చూపించాడు. దాని కొసను పంకా రెక్క నున్నగా కోసేసింది. "దూకాను, మళ్లీ దూకాను. నువ్వు చేతికందలేదు. అక్కకు ఏం చెప్పాలా అని కూర్చున్నాను."

బావ తన నడుము చూసుకున్నాడు. ముడి వేసింది వేసినట్టే ఉంది. ముడి దగ్గర్నుంచి మూరెడు తాడు మాత్రం మిగిలింది. దాని తెగిన కొస పడవ బల్లమీద ఊరికే పడి ఉంది.

ఇద్దరూ దానివంకే చూస్తున్నారు. రేవులో ఎక్కడా గాలి లేదు.

కొస మెల్లగా పైకి లేచింది, నిటారుగా బిగిసింది, ఒక్కసారి గుంజింది.