మొఘల్‌పురా టేకు దూలాలు

"దూలాలు దించుతవా, దించవా? ఒక్కటే మాట చెప్పు లక్ష్మయ్యా!" కింద నుంచి అరిచాడు ఇంటాయన వామన్‌రావు.

నిచ్చెన మీద నిలబడ్డ లక్ష్మయ్య మేస్త్రీ ఇంట్లోకి తొంగిచూశాడు. అద్దెకుండే మాణిక్యమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. కప్పు నుంచి రాలిన మట్టిని అన్నంలోంచి వేళ్లతో ఏరి పారేస్తోంది.

"మనిషి లోపలుండంగ ఎట్ల దించాలె రావుసాబ్?"

"నెల కిందనే ఖాళీ చెయ్యమన్న. ఇంటేనా? నయాపూల్ కట్టె సేటు పగటికల్లా బండ్లు పంపుతనన్నడు. లడాయి అయిపోతే ఈ ధర మళ్ల వస్తదా?"

అది నిజమే. పన్నెండేళ్ల కింద బజారు ధరలు పడిపోయినప్పుడు పాత టేకును పొయ్యిలో పెట్టుకున్నారు. ఇప్పుడు సిమెంటూ ఇనుమూ యుద్ధానికే పోతుంటే, పాత ఇళ్ల దూలాల కోసం సేట్లు ఎగబడుతున్నారు. గోడలు లేపిన చేతులతోనే లక్ష్మయ్య కప్పులు పీకుతున్నాడు.

"వానకాలమొచ్చె. ఇద్దరు పిల్లలతోని యాడికి పోతది?"

"చుట్టాలు లేరా? నీకెందుకు ఫికర్?"

"చుట్టాలా!" లక్ష్మయ్య కాండ్రించి ఉమ్మేశాడు. "రెండు దినాలు పెట్టుకొని మొహం చాటేస్తరు. ఆ మొండి గోడకే చాప కట్టుకొని పడుంటది. తొలి వానకే చిన్నపిల్లకు జరమొస్తది. మూడో దినానికి పిల్ల ఉండదు. అప్పుడు ఈ పైసలతోని తిన్న బువ్వ గొంతు దిగదు."

"చూసొచ్చినట్టే చెప్తున్నవే!" వామన్‌రావు నవ్వాడు. "ఇంకో రెండు రూపాయలిస్త, గుంజు."

లక్ష్మయ్య నిచ్చెన దిగి, నీళ్ల గోలెం దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. టేకు వాసన పోలేదు.

"థూ! మనుషులమా మనం?"

"నీ అసొంటోళ్లు మస్తుమంది దొరుకుతరు," అంటూ వామన్‌రావు విసురుగా వెళ్లిపోయాడు.

లక్ష్మయ్య గడ్డపార ఒళ్లో పెట్టుకొని గడపకు అడ్డంగా కూర్చున్నాడు. వామన్‌రావు ఇంకో మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మేస్త్రీ గడ్డపారను చూసి వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నానికి వచ్చిన సేటు బండ్లు లొల్లెందుకని ఖాళీగానే పోయాయి.

మాణిక్యమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "మా కోసం కూలి పోగొట్టుకుంటివి. నీకు నేనేమైత తమ్మీ?"

ఆ పిలుపుకు లక్ష్మయ్య తల ఎత్తలేకపోయాడు.

నిరుడు సొంతక్క చిన్నపిల్లతో తలదాచుకున్న తన పాతింటి దూలాలు దించి అమ్ముకున్నది అతనే.