తాళంకప్ప లేని తలుపు

"నెగెటివ్ అంటే గండం గట్టెక్కినట్టేగా డాక్టరమ్మా! బయటే రిపోర్టు చూసి చుట్టాలందరికీ ఫోన్లు కూడా చేసేశాను," అంది చెల్లెలు, ముఖం చాటంత చేసుకుని.

డాక్టరమ్మ నవ్వలేదు. "రొమ్ములో గడ్డ క్యాన్సరేనమ్మా. అందులో అనుమానం లేదు. ఆ కణాలకి హార్మోన్లు వచ్చి అతుక్కునే చోట్లు ఉన్నాయా అని చూశాం. ఉంటే మాత్రలతో వాటిని మూసేసి, రోగాన్ని అదుపులో పెట్టేవాళ్లం. మీ అక్కకి అవి లేవు. నెగెటివ్ అంటే అదీ. ఈ రకం మొండిది, తిరగబెట్టే భయం ఎక్కువ."

చెల్లెలు చేతిలోని రిపోర్టు మళ్లీ మొదట్నుంచి చదివింది.

అక్క ముందుకు జరిగింది. ముప్ఫై ఏళ్లుగా తాళాలు బాగుచేసి, ఆకురాయి పొడితో నల్లబడ్డ వేళ్లు బల్ల మీద ఆనించింది.

"అంటే, ఈ తలుపుకి తాళంకప్పే లేదు. ఏ తాళంచెవీ పనికిరాదు. అంతేనా?"

"అంతే. ఇక కీమోనే దారి. మందు గట్టిది, మనిషి నీరసించిపోతుంది. జుట్టు ఊడుతుంది."

చెల్లెలు భోరుమంది. "అయ్యో, అందరికీ శుభవార్తని చెప్పేశానే అక్కా! ఇప్పుడేం చెప్పను?"

"నోరు మూసుకుని నా మాట విను. తాళంచెవి పట్టని తలుపుని చూసి నేనెప్పుడైనా వెనక్కి తిరిగొచ్చానా?"

"లేదు."

"సంచిలోంచి ఏం తీస్తాను?"

చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "సుత్తి."

"చుట్టాలకి అదే చెప్పు," అని అక్క డాక్టరమ్మ వైపు తిరిగింది. "మొదటి దెబ్బ ఎప్పుడు వేద్దాం?"