అధ్యక్షుడు చూసిన బొమ్మల సినిమా

హీరో కొత్త సినిమా, పిల్లల బొమ్మల సినిమా ఒకే శుక్రవారం రిలీజైనయి. కరీంనగర్‌ల హీరో అభిమాన సంఘం అధ్యక్షుడు ఓదెలు పరేషాన్ల పడ్డడు. మొదటి ఆటకు అధ్యక్షుడే లేకుంటే ఊరంత నవ్వుతది.

"బాపూ, ఏనుగుపిల్ల సినిమాకు మొదటి ఆటకే తోలుకపోకుంటే నీతోని మాట్లాడ" అన్నది బిడ్డ.

చేసేది లేక, సంఘం కార్యదర్శి సంపత్‌కు ఫోన్ చేసి దగ్గుకుంట చెప్పిండు. "తమ్మీ, జరమొచ్చింది. కటౌట్‌కు పాలు నువ్వే పొయ్యి."

"ఫికర్ చెయ్యకన్నా, నేనున్న గదా!"

ఓదెలు మొఖానికి దస్తీ కట్టుకొని, బిడ్డ పక్కన బొమ్మల సినిమాల కూసున్నడు. తప్పిపోయిన ఏనుగుపిల్ల తల్లిని కలిసినప్పుడు ఆపుకోలేక ఏడ్చిండు. వెనక సీట్ల ఎవరో అంతకంటే గట్టిగ ఎక్కెక్కి ఏడుస్తుండ్రు.

తిరిగి చూస్తే సంపత్! ఏడ్చి ఏడ్చి, మొఖానికి కట్టుకున్న దస్తీ మెడ మీదికి జారింది.

ఓదెలు బిత్తరపోయిండు. "నాకైతే బిడ్డ ఉన్నది. నీకింక పెండ్లే కాలే గదరా, ఎవల పిల్లను తోలుకొచ్చినవ్?"

సంపత్ ముక్కు తుడుచుకున్నడు.

"ఎవల్లేరన్నా, నేనొక్కన్నే వచ్చిన. జర తల వంచు, ఏనుగు కనవడ్తలేదు."