రామమందిరంలో ఫోన్ బడి

పదకొండు మంది బామ్మలు, పదకొండు స్మార్ట్ ఫోన్లు, పదకొండు బ్యాంకు ఖాతాలు. దుర్గాసాయి చేయాల్సిందల్లా ఒక్క నెలరోజులు మంచివాడిలా నటించడమే.

భీమవరం పక్కన, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊరది. అక్కడి రామమందిరంలో రోజూ విష్ణు సహస్రనామ పారాయణ చేయించే శేషాచార్యులుగారు మోకాళ్ళ నొప్పులతో తునిలోని కూతురింటికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి పారాయణ పొద్దున్న ఆరింటికి వీడియో కాల్‌లోనే. కోడళ్ళూ కుర్రకారూ ఇంట్లోంచే హాయిగా చదువుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆయన ఎదుట కూర్చుని చదివిన ముసలమ్మలు మాత్రం, పిల్లలు కొనిచ్చిన ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ నొక్కాలో తెలియక మందిరం అరుగు మీద బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటున్నారు.

ఈ కబురు చెవిన పడగానే దుర్గాసాయి తెల్లచొక్కా తొడుక్కుని, నుదుట బొట్టు పెట్టుకుని సరాసరి ఆ అరుగు దగ్గరికే వచ్చాడు.

"నిన్న సాయంత్రం గురువుగారే స్వయంగా నాతో ఫోన్లో మాట్లాడారండి. మీకు ఫోన్ వాడటం నేర్పమన్నారు. పైసా ఇవ్వక్కర్లేదండి, రాముడి సేవనుకుంటాను. ఆయన దగ్గర మాత్రం నా ఊసెత్తకండి. చేసిన సేవ గురించి చెప్పుకుంటే ఆయనకి నచ్చదు."

బామ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి పెద్దదిక్కు బంగారమ్మ. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"చల్లగా ఉండు బాబూ. రేపే మొదలెట్టు," అంది.

ఆ తర్వాత దుర్గాసాయి పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆకుపచ్చ గుర్తు ఎక్కడుందని చిట్టెమ్మ ఒక్క పూటలో నలభైసార్లు అడిగింది. ఇంకొకావిడ ఎన్నిసార్లు చెప్పినా వీడియోలో చెవి ఒక్కటే చూపించేది. మరొకావిడ ఫోన్ తెరకి పసుపూ కుంకుమా పూసి, వేలు పెడుతుంటే పలకడం లేదని రభస చేసింది. దుర్గాసాయికి కడుపులో కోపం సలసల కాగిపోయేది. అయినా పెదవి మీద చిరునవ్వు చెదరనివ్వలేదు.

"పర్లేదండి, మళ్ళీ చూపిస్తాను. ఇదిగో, ఇలా నొక్కండి."

మరిచిపోతారనే వంక పెట్టి, మొదటివారంలోనే అందరి పిన్ నంబర్లూ తన నోటుపుస్తకంలో రాయించుకున్నాడు. వాటి జోలికి మాత్రం అప్పుడే పోలేదు. ఒక ఖాతాలో చెయ్యి పెడితే మిగతా పదిమందీ మేలుకుంటారు. కొడితే అన్నీ ఒకేసారి కొట్టాలి.

మూడోవారానికల్లా బామ్మలందరూ ఆరింటికి ఠంచనుగా తెరమీద ప్రత్యక్షమవసాగారు. గురువుగారు అటునుంచి పేరుపేరునా పలకరిస్తుంటే చిట్టెమ్మ వెక్కివెక్కి ఏడ్చేసింది. పక్కనే నిలబడ్డ దుర్గాసాయికి కాస్త గర్వం కూడా వేసింది. దొంగైతే మాత్రం, చెప్పిన పాఠం వస్తే ఎవరికి సంతోషం ఉండదు!

ఆఖరిరోజు రానే వచ్చింది.

"ఫోన్లన్నీ ఒకసారి అప్‌డేట్ చెయ్యాలండి. అరగంటలో ఇచ్చేస్తాను. మీరు ఈలోగా భజన చేసుకోండి," అన్నాడు.

బామ్మలు బుద్ధిగా ఫోన్లు తెచ్చి పళ్ళెంలో పెట్టారు. ఆ మందిరంలో తలుపున్న గది ప్రసాదాల వంటగది ఒక్కటే. అతను పళ్ళెం పట్టుకుని అందులోకి దూరి గడియ పెట్టుకున్నాడు. జేబులో పదకొండు గంటల రైలుకి టికెట్ సిద్ధంగా ఉంది.

పుస్తకం తెరిచి మొదటి ఫోన్లో నంబరు కొట్టాడు. తప్పు అంది. ముసలావిడ పొరపాటున రాసిందేమో అనుకుని రెండోది తీశాడు. అదీ తప్పే. అయిదోదానికి నుదుట బొట్టు చెమటకి కరిగింది. పదోదీ తప్పే.

పదకొండో ఫోన్ పళ్ళెంలో లేదు. కంగారుగా చుట్టూ చూశాడు. ఎదురుగా అలమరలో, పప్పుల డబ్బాకి ఆనించి, అతనివైపే తిరిగి ఉంది చిట్టెమ్మ ఫోను. తెరమీద ఎస్సై వీరబ్రహ్మం తీరిగ్గా టీ తాగుతూ అతన్నే చూస్తున్నాడు.

"కానివ్వండి మాస్టారూ. ఇంకొక్కటేగా మిగిలింది!"

దుర్గాసాయి గడియ తీసేసరికి గుమ్మానికి అటూ ఇటూ ఇద్దరు కానిస్టేబుళ్ళు. వాళ్ళ వెనకాల బామ్మల దండు.

"ఎప్పుడు కనిపెట్టారండి?" అన్నాడు నీరసంగా.

"నువ్వొచ్చిన రోజే," అంది బంగారమ్మ. "దానికి ముందురోజు ఏకాదశి. ఏకాదశినాడు పొద్దున్న పారాయణ అయ్యాక మా గురువుగారు మర్నాటిదాకా మౌనంలో ఉంటారు. ఈ ముప్ఫై ఏళ్ళలో ఏకాదశి సాయంత్రం ఆయన పెదవి విప్పగా మేం చూడలేదు. అందుకే నీ పుస్తకంలో తోచిన నంబరల్లా రాసిపెట్టాం."

దుర్గాసాయికి ఏడుపొక్కటే తక్కువ.

"మరి ఆ రోజే పట్టివ్వచ్చు కదండీ! నెలరోజులూ ఎందుకు ఊరుకున్నారు?"

బంగారమ్మ పులిహోర పొట్లం ఒకటి అతని చేతిలో పెట్టింది.

"మా ఇళ్ళల్లో పిల్లలు రెండోసారి అడిగితేనే కసురుకుంటారు బాబూ. ఎన్నిసార్లడిగినా నవ్వుతూ చెప్పే ఓపిక, దొంగకి కాక ఇంకెవరికుంటుంది?"